కంభము చెరువు పుణ్య మెవరిది?

ప్రకాశము జిల్లాకు సముద్రతీరము కలదని భూగోళ పుస్తకములో చదివిన పిల్లవాడు మార్కాపురమునందో గిద్దలూరునందో పుట్టినవాడైనచో, ఆ తీరము తన జిల్లాలోనిదే యని నమ్ముటకు కొంత శ్రమపడవలసివచ్చెడిది. 1970లో ఒంగోలు జిల్లా యను పేర నేర్పడి, 1972లో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు దాల్చిన యీ జిల్లాకు కొన్ని తాలూకాలు గుంటూరునుండియు, కొన్ని నెల్లూరునుండియు రాగా, నల్లమల పాదముల నంటియున్న మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలునుండి వచ్చి చేరినవి. వచ్చునపుడు అవి తమవెంట కర్నూలుసీమ యెండను, పలకరాతిని, బావినీటిలోని ఫ్లోరైడును తెచ్చుకొన్నవేగాని కెరటములను తెచ్చుకొనలేదు. కొత్తపట్నమువారికి ఒడ్డనగా ఉప్పుగాలి. ఇచ్చటివారికి ఒడ్డనగా చెరువుకట్ట, వాగుగట్టు, కొండకోనలోని గుండము.

ఇట్టి సీమలో నీరు కనబడిన చోటనెల్ల దేవుడు కనబడుటలో ఆశ్చర్యము లేదు. రాచర్ల మండలములో అడవి లోపల నెమలిగుండ్ల రంగనాయకస్వామి సన్నిధిని ఒక గుండమున్నది. అది మయూర మహర్షి తపస్సుతో ముడివడినదని స్థలపురాణము. శనివారమునాడు అచ్చటికి జనులు గుంపులుగా పోవుదురు. చంద్రశేఖరపురము మండలములోని భైరవకోనయందు ఒక్క కొండచరియలోనే తొలిచిన యెనిమిది శివాలయములును, వాని సరసనే దూకు జలపాతమును గలవు. కార్తిక పూర్ణిమనాటి రాత్రి వెన్నెల అమ్మవారిపై పడునని చెప్పుకొని, ఆ దర్శనమునకై భక్తులు కోనలో వేచియుందురు. శ్రీశైలమునకు తూర్పుద్వారమని ప్రసిద్ధికెక్కిన త్రిపురాంతకమునందు స్వామి కుమారగిరిపై నుండగా, బాలాత్రిపురసుందరి క్రింద చెరువులోనే కొలువుదీరినది. దేవి నీటినడుమ నుండుట, స్వామి రాతిపైనుండుట యీ దేశపు స్వభావమునకు తగియే యున్నదని నాకు తోచును. ఇచ్చట రాయి అంతటను దొరకును, నీటికే కాపుదల కావలెను.

ఈ మూడు తావులను చూచిన యాత్రికుడు, త్రోవలోనే యున్నదిగదా యని కంభము చెరువుకట్టను గూడ నెక్కి, నాలుగు దిక్కులు చూచి, పటము తీసికొని, దిగిపోవుచున్నాడు. అతనిని తప్పుపట్టుటకు లేదు. ఆ చెరువునకు మహర్షి లేడు. అది యే దేవతయు గోటితో గీయని, ఏ పక్షియు ముక్కుతో త్రవ్వని నీరు. మనుష్యులు మన్ను మోసి నిలిపిన నీరు. కాని ధర్మవిచారము చేయువానికి ఆ మూడు క్షేత్రములకంటెను ఈ చెరువే యెక్కువ చిక్కును కల్పించును. దేవుడు చేసిన నీటిపుణ్యము దేవునిదే యని చెప్పి యూరకుండవచ్చును. మనుష్యులు చేసిన యీ నీటి పుణ్యము ఎవరి ఖాతాలో పడినది?

ముందు చెరువును చూతము. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టిన గుండ్లకమ్మ కొండలను విడిచి వచ్చునపుడు రెండు గుట్టల నడుమ ఇరుకైన త్రోవలో దూరును. ఆ యిరుకును కనిపెట్టి, అచ్చట కట్ట వేసినచో వెనుకనున్న పల్లమంతయు నీటితో నిండునని గ్రహించినవాని బుద్ధికి మొదట నమస్కరింపవలెను. ఏలయన ఇంత స్వల్పమైన కట్టతో ఇంత విశాలమైన జలాశయమును సంపాదించుట భుజబలముచే నగునది కాదు. ఇరువదవ శతాబ్దారంభమునాటి దొరతనమువారి లెక్కలలో కట్ట యెత్తు 57 అడుగులు, నీరు వచ్చి చేరు పరీవాహక ప్రదేశము 430 చదరపు మైళ్లు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. నిండిననాడు పొడవు దాదాపు ఏడు కిలోమీటర్లు, వెడల్పు అందులో సగము. వానలు మొగము చాటుచేసిన యేండ్లలో ఇదే చెరువు బీటలువారి, పశువులు మేయు బయలుగా మారును. ఆ రూపమును చూడనివాడు చెరువును సగమే చూచినవాడు.

దీనిని కట్టించినదెవరు? విజయనగరపు రాణి వరదరాజమ్మ యని లోకము చెప్పును. ఆమె గజపతి కూతురని, కృష్ణదేవరాయల దేవేరి యని, భర్త యాదరణమునకు దూరమై కంభమునందు కాలము గడపుచు ఈ చెరువును నిర్మింపజేసెనని జనశ్రుతి. ఆ గజపతిపుత్రిక పేరనే సంస్కృత శ్లోకములైదు వాడుకలో నున్నవి. కాదు, గజపతులే కట్టించిరని మఱికొందఱందురు. చరిత్రకారులు ఈ పేళ్ల చిక్కును విప్పుకొందురుగాక. నా కందులో ఆసక్తి కలిగించునది వేఱొకటి. భర్త మనస్సున చోటు దొరకని స్త్రీ వేయి పొలములకు నీరిచ్చినదని ఒక జాతి కథ కల్పించుకొన్నదనిన, అది చరిత్ర యైనను కాకున్నను, సంతానమనగా ఏమి యని ఆ జాతి లోలోపల నెంత ఆలోచించినదో తెలియుచున్నది. మన పెద్దలు సప్తసంతానములని చెప్పిన పట్టికలో కొడుకు ఒక్కడే. తక్కిన యాఱును తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము. కొడుకు పేరు చెప్పి బ్రదుకును, చెరువు పేరు చెప్పకయే బ్రదికించును.

ఇక శాస్త్రము మాట. ధర్మకార్యములను మనవారు ఇష్టమని, పూర్తమని రెండుగా విభజించిరి. యజ్ఞయాగాదులు ఇష్టము, బావులు, దిగుడుబావులు, చెరువులు, దేవాలయములు, తోటలు, అన్నదానము పూర్తము. ఇష్టమున కధికారము కొందఱికే యుండగా, పూర్తమునకు శూద్రుడును అధికారియే యని స్మృతికారులు తలుపు తెఱచిరి. ఎంత యిరుకైన శాస్త్రమైనను నీటి విషయమున కొంత వెడల్పు కాక తప్పలేదని దీనినిబట్టి యూహింపవచ్చును. చెరువు త్రవ్వించినంత మాత్రమున పూర్తము ముగియదు. త్రవ్వించినవాడు దానికి ఉత్సర్గము చేయవలెను. అనగా, ఈ నీరు నాది యను స్వత్వమును విడిచి, సమస్త భూతములకు దానిని వదలిపెట్టవలెను. సాధారణ దానములో పుచ్చుకొనువాడొకడుండి తీరవలెను. ఉత్సర్గములో పుచ్చుకొనువాడు ప్రత్యేకముగా నెవడును లేడు, మనుష్యులు, పశువులు, కొంగలు, తూనీగలు అందఱును పుచ్చుకొనువారే. మఱి తాను వదలిన నీటిలో దాత స్నానము చేయవచ్చునా యను సందేహము పూర్వులకే కలిగినది. అతడును సమస్త భూతములలో నొకడు గనుక చేయవచ్చునని సమాధానము చెప్పిరి. ఎంత చక్కని సమాధానము! రాజు తన చెరువులో మునిగినపుడు రాజుగా మునుగుటలేదు, బఱ్ఱెతోడి సమానుడై మునుగుచున్నాడు.

కాని మీమాంసకుడు ఇంతటితో విడువడు. కర్మఫలము ఆ కర్మకు పూనుకొన్నవానిదే యని అతని సిద్ధాంతము. చేసిన కర్మ నశించినను దాని శక్తి అపూర్వమను పేరుతో కర్త నాశ్రయించి, ఫలమిచ్చువఱకు వేచియుండును. వేలమంది కూలీలు మన్ను మోసిరిగదా, వారికి పుణ్యము లేదా యని మనమడిగినచో, అతడు యజ్ఞశాలను చూపును: అచ్చట హోమము చేయువారు ఋత్విక్కులు, ఫలము పొందువాడు యజమానుడు; దక్షిణ యిచ్చి వారి శ్రమను అతడు కొనుక్కొన్నాడు. అట్లే కూలియిచ్చిన రాజునకే చెరువు పుణ్యము, మోసినవారికి కూలి ముట్టినది, లెక్క సరి.

ఈ లెక్కకు ప్రత్యక్షసాక్ష్యము కంభమునకు దక్షిణమున, గిద్దలూరు దాటి పోయినచో దొరకును. పోరుమామిళ్ల చెరువుకడ 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి యున్నది. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, భవదూరుడను బిరుదము గలవాడు, ఉదయగిరినుండి పాలించుచు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము. ఇంత స్పష్టముగా తన కార్యపు ఖర్చును చెప్పిన శాసనములు అరుదు. మంచి చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండని అందులో లెక్కింపబడినవి: ధర్మబుద్ధిగల రాజు, జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టినేల, తియ్యని నీటి యేఱు, దాని కిరుప్రక్కల కొండ, నడుమ మిక్కిలి పొడవుగాని దృఢమైన రాతికట్ట, దగ్గఱనే రాతిగని, సాగుకు యోగ్యమైన చదునుభూమి, నేర్పుగల పనివారు మొదలైనవి. దోషములాఱు: కట్టనుండి నీరు కారుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై నేల హెచ్చగుట, నేల కొంచెమై నీరు హెచ్చగుట. సరిహద్దు దోషమును చదివినపుడెల్ల నేటి నదీజలాల తగవులు స్మరణకు వచ్చి నవ్వు పుట్టును. ఆ శాసనము వ్రాయించినవాడు తత్త్వవేత్తయు, యింజనీరును ఒక్కడే. మంచి చెరువునకు మొదటి సాధనము ధర్మబుద్ధిగల రాజని చెప్పినవాడు, పండ్రెండవ సాధనము పనివారని చెప్పుట మఱువలేదు.

ఇప్పుడు మీమాంసకునకు నా ప్రశ్న. ఋత్విక్కుల పని పూర్ణాహుతితో ముగియును. అందుచే వారి శ్రమను దక్షిణతో కొని, లెక్కమూయుట సాధ్యము. చెరువు పని యెప్పుడు ముగియును? మొదటి వానకే కొండమన్ను దిగి ఒండ్రు పేరుకొనుట మొదలగును. కట్టపై మొలచిన చెట్టు వేరు రాళ్లను పెకలించును, ఎలుక బొరియ చేయును, తూము శిథిలమగును, అలుగు కోసికొనిపోవును. కట్టించిన రాజో రాణియో పోయి అయిదువందల యేండ్లైనను చెరువు చెరువుగా నిలిచియున్నదన్నచో, నడుమనున్న ప్రతి తరమునందును ఎవడో పూడిక తీసినాడు, ఎవడో వానరాత్రి గోతము మన్నుతో గండిని మూసినాడు, ఎవడో నీరటికాడు తూము దగ్గఱ కునుకు లేక కూర్చుండి చివరి మడివఱకు తడి చేర్చినాడు. ఈ జనులకు దక్షిణ యిచ్చినది ఆ రాణి కాదు. వీరు ఆమె ఋత్విక్కులు కారు; ఆమె కర్మను మఱల మఱల ఆరంభించిన యజమానులు.

ఈ మాట నేను కల్పించినది కాదు. తెలుగుదేశపు దానశాసనములలో అనేకము, తాను చేసిన దానముకంటె పరులు చేసిన దానమును కాపాడుటయందు రెండింతలు పుణ్యమని చెప్పి ముగియును. దానికి వెనువెంటనే, దానమును చెఱచినవాడు పురుగై పుట్టునని శాపము. చదువరులు ఆ శాపమునే జ్ఞాపకముంచుకొందురుగాని ఆ గణితము నెవరును పట్టించుకొనరు. కట్టించినవాని కొక వంతు, కాపాడినవానికి రెండు వంతులు! అయిదువందల యేండ్లు కాపాడినవారి వంతులను కూడినచో, మొదటి కర్త పేరు తెలియకపోవుట పెద్ద నష్టముగా తోచదు. మన పూర్వులు ఈ సూత్రమును గాలికి వదలక, చెరువు త్రవ్వి బాగుచేయువారికి దశబంధ మాన్యములను భూములిచ్చిరి. పుణ్యమునకు తోడు పంటయు నుండవలెనని వారెఱుగుదురు. ఇంగ్లీషు దొరతనమునందు ఆ మాన్యములు క్రమముగా క్షీణించినవి. స్వతంత్రము వచ్చినతరువాత చాలకాలము చెరువు సర్కారుదని ఊరివారును, ఊరివారు చూచుకొందురని సర్కారువారును అనుకొనిరి. 1997లో శాసనము చేసి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పఱచుట ఆ తప్పును దిద్దుటకు చేసిన యొక యత్నము. అది యెంత ఫలించినదో ప్రతి గ్రామమునను కట్టమీద నడచి చూచినవారికి తెలియును, సభలలో విన్నవారికి తెలియదు.

2020లో అంతర్జాతీయ సేద్యపునీటి, మురుగునీటిపారుదల సంఘమువారు కంభము చెరువును, పోరుమామిళ్ల చెరువును, కర్నూలు కడప కాలువను ప్రపంచ వారసత్వ సేద్య కట్టడములుగా గుర్తించిరి. గౌరవము మంచిదే. కాని గౌరవము వచ్చిన ప్రతిచోటను విహారస్థలపు ప్రణాళిక గూడ వచ్చుచుండును: పడవలు, దీపములు, పేరుపలక, తినుబండారముల కొట్లు. వీనియందు నాకు ద్వేషము లేదు. నీటియొడ్డున కూర్చుండి పిల్లలకు వేఱుసెనగకాయలు కొనిపెట్టుటయు నొక విధమైన సేవనమే. నా ఆక్షేపణ యింతమాత్రమే: త్రిపురాంతకము మెట్లెక్కు వాడు తానేదో సమర్పింపవలెనని యెఱిగి పోవును, కొబ్బరికాయయో, కానుకయో, తలనీలములో, చెరువు చూడబోవువాడు తాను పుచ్చుకొనుటకే పోవుచున్నాననుకొనును. ఉత్సర్గములో చూపరియు సమస్త భూతములలోని వాడే గనుక చూచు హక్కు అతనికి కలదు. కాని రెండింతల పుణ్యపు సూత్రము అతనికిని వర్తించును. కట్టపై ప్లాస్టిక్ సీసాను వదలి దిగినవాడు శాసనాంతపు శాపభాగములోనికి తానై నడచి వచ్చినవాడు.

ఇంతవఱకు శాస్త్రమునుబట్టి విచారించితిమి. పామరజనుల శాస్త్రమింకొకటి కలదు, అది దీనికంటె కఠినమైనది. తెలుగునాట అనేక చెరువుల కట్టలమీద ఒక కట్టమైసమ్మయో, పోలేరమ్మయో ఉండును; గండి నిలువక పోగా ఒక యింటి కోడలు బలియైన తరువాతనే కట్ట నిలిచెనని కథ చెప్పుదురు. అనంతపురము చెంత బుక్కరాయసముద్రమునందు జరిగినదని చెప్పుకొను ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు “ముసలమ్మ మరణము” అను కావ్యముగా రచించిరి. పండితుని పూర్తములో ఇచ్చువాడు, ఇచ్చినది, పుచ్చుకొనువారు మాత్రమే కనబడుదురు. పల్లె కథలో ఇవన్నియు నుండి, వీనికి తోడు ఆ కట్టలోపల నొక స్త్రీ నిలిచియుండును. ఇంతమందికి నీరు వచ్చినదన్నచో అందుకై ఎవరో ఒకరు మునిగియుందురని పల్లెవారికి శంక. ఈ శంకను మూఢనమ్మకమని త్రోసివేయుటకు నా మనసొప్పదు.

ఏలయన, ఈ సీమలోనే మన కాలమునందొక మహాతటాకము సిద్ధమగుచున్నది. పూల సుబ్బయ్యగారి పేరుపెట్టబడిన వెలిగొండ ప్రాజెక్టునకు మొదట 1996లో శంకుస్థాపన జరిగినది. శ్రీశైల జలాశయపు వెనుకనీటినుండి, కొల్లంవాగు కడ మొదలుపెట్టి, నల్లమల కడుపులో దాదాపు పందొమ్మిది కిలోమీటర్ల పొడవున రెండు సొరంగములు తొలిచిరి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యనుచోట్ల కొండల నడుమ కంతలను ఆనకట్టలతో మూసి నల్లమలసాగరమును నిర్మించిరి. మూడు కంతలు మూసి సాగరమును సంపాదించు నీ యుపాయము, ఒక్క కంత మూసి కంభము చెరువును సంపాదించినవాని యుపాయమునకు దాయాది. కృష్ణ వరదనీటినుండి ఏటికి 43.5 టీఎంసీలు తెచ్చి, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరును, ఫ్లోరైడుతో ఎముకలు వంగిన పల్లెలకు త్రాగునీరును ఇచ్చుట దాని సంకల్పము. ఇంతకు మించిన పూర్తము ఈ సీమ చరిత్రలో లేదు. దీనిని కాదనువాడు ఇచ్చటి బోరునీరు త్రాగి యెఱుగనివాడు.

అయితే ఆ సాగరగర్భమున సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ మొదలైన పదునొకండు గ్రామములున్నవి. ఇక ఉత్సర్గశాస్త్రమును మఱల తీయుడు. తన స్వత్వమున్న వస్తువునే మనుష్యుడు ఉత్సర్గము చేయగలడు. పరస్వమును విడిచిపెట్టుట దానము కాదు. నల్లమలసాగరపు నేలపై స్వత్వమెవరిది? అచ్చట దుక్కిదున్నినవారిది, అచ్చట పెద్దలను పూడ్చుకొన్నవారిది. కాబట్టి ఈ మహాపూర్తమునకు దాతలు శిలాఫలకములపై పేరున్నవారు కారు, మునుగు గ్రామములవారు. దాత యిష్టపడి యిచ్చిననే దానము. మనస్సు లేక యిచ్చినది, ఇప్పించుకొన్నది, శాస్త్రదృష్టిలో దానమే కాదు. దొరతనమువారు వెలకట్టి కొన్నామందురేని, వెల పూర్తిగా చెల్లిన పిదపగాని స్వత్వము మాఱదు. ఇది ధర్మశాస్త్రము మాత్రమే కాదు, సంతలో పశువును కొను రైతునకు తెలిసిన న్యాయము. ఇల్లు, పొలము, బ్రదుకుతెరువు, క్రొత్తయూరిలో గుడియు శ్మశానమును చేరిన పూర్ణపరిహారము చివరి కుటుంబమునకు ముట్టువఱకు, నల్లమలసాగరమున నిలుచునది నీరేగాని పూర్తము కాదు. దాని తూములెత్తినవాని కెవనికిని, ఎన్ని ఫలకములు వేయించుకొన్నను, చెరువు కట్టించిన పుణ్యము రాదు.